చార్మినార్ దగ్గర ఏం కొనాలి, ఏం వద్దు: హైదరాబాద్‌కి షాపింగ్‌కి వచ్చే చుట్టాల కోసం

ఊరి నుంచి ఎవరైనా హైదరాబాద్ వస్తున్నారంటే నాకొచ్చే ఫోన్ ఎప్పుడూ ఒకటే. "అక్కా, శనివారం పొద్దున దిగుతున్నాం, చార్మినార్ తీసుకెళ్లు, గాజులు, ముత్యాలు, చీరలు, డ్రైఫ్రూట్లు, పిల్లలకి బొమ్మలు అన్నీ అక్కడే కొనేసుకుని రాత్రి బస్సెక్కేస్తాం." ఈ "అన్నీ అక్కడే" అన్న మాట దగ్గరే తంటా మొదలవుద్ది. మాది ఖమ్మం, దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టి పంతొమ్మిదేళ్లయింది, ఈ పంతొమ్మిదేళ్లలో ఎంతమంది వదినల్ని, పిన్నుల్ని, మేనకోడళ్లని ఆ గల్లీల్లో తిప్పానో లెక్కలేదు. నాకర్థమైంది ఏంటంటే ఇక్కడ ఒక్కో బజారుకి ఒక్కో సరుకు, దాని సరుకు దాని దగ్గర కొంటే లాభం, పక్క సరుకు కొంటే బొక్క. లాడ్ బజార్లో చీర కొన్నవాళ్లు, బేగంబజార్లో అరడజను గాజులు అడిగినవాళ్లు ఇద్దరూ తిట్టుకుంటానే ఇంటికి వెళ్తారు. తప్పు బజారుది కాదు.

ముందు దారి చెప్తా, ఎందుకంటే కారు వేసుకుని చార్మినార్ దాకా వెళ్దాం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వద్దు బాబూ. మెట్రో చార్మినార్ దాకా లేదు గానీ ఎంజీబీఎస్, అదే పెద్ద బస్టాండ్, దాని దాకా ఉంది, అక్కడ దిగి ఆటో ఎక్కొచ్చు, నడిచే ఓపికుంటే ఇంకా మంచిది. నయాపూల్ మీదుగా మూసీ దాటితే మదీనా, అది దాటితే పత్తర్‌గట్టి, తర్వాత చార్‌కమాన్ మధ్యలో గుల్జార్ హౌజ్, ఆ తర్వాత చార్మినార్, దానికి పడమర పక్కన లాడ్ బజార్. అంటే బట్టలు, ముత్యాలు, వెండి బంగారం, గాజులు అన్నీ ఒకే రోడ్డు మీద వరసగా వస్తాయి, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పత్తర్‌గట్టిలో కమాన్లు కమాన్లుగా ఒకేలా కనిపించే రాతి కట్టడాలు ఉంటాయి చూడండి, 1908లో మూసీ వరదలు ఊరిని ముంచేశాక నిజాం హయాంలో రోడ్డు వెడల్పు చేసి ప్లాన్ ప్రకారం కట్టినవి అవి. అందరూ షాపుల బోర్డులే చూస్తారు, ఒకసారి తలెత్తి పైన కూడా చూడండి, బాగుంటది.

ఇక లాడ్ బజార్. ఇక్కడ కొనాల్సింది గాజులు, అందులోనూ లక్క గాజులు. అద్దాల షోకేసుల్లో ట్యూబ్‌లైట్ల కింద అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి గానీ అక్కడున్నవి మూడు నాలుగు రకాలు. మట్టి గాజులు, అంటే మనం మట్టి అంటాం గానీ గాజువే, అవి చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వచ్చేవి, వాటి కోసం ఇంత దూరం రానక్కర్లేదు, మీ ఊరి తిరునాళ్లలో కూడా దొరుకుతాయి. మెటల్ గాజుల మీద రాళ్లు అంటించినవి ఇంకో రకం, తేలిగ్గా ఉంటాయి, రేటూ తక్కువ, నాలుగు ఫంక్షన్లకి రంగు పోద్ది. మూడోది అసలు లక్కది. లక్క అంటే చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు వదిలే బంక, దాన్ని బొగ్గుల మీద కరిగించి సాగదీసి కడియంలా చుట్టి, ఇంకా వేడిగా మెత్తగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతారు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇళ్లలోనే, చిన్న చిన్న గదుల్లో ఆ పని చేసే కుటుంబాలు ఉన్నాయి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే సర్కారీ గుర్తింపు, అది కూడా వచ్చింది. ఇక్కడే పుట్టిన సరుకు ఇక్కడ కొంటే అర్థముంది కదా.

లక్కదో కాదో ఎట్లా తెలుస్తది అంటే, చేతిలో పెట్టుకుంటే మెటల్ దాని కంటే మందంగా ఉంటది, రెండు గాజులు తగిలితే గలగలమనదు, కొయ్య ముక్కలు తగిలినట్టు మొద్దు శబ్దం వస్తది, లోపలివైపు వేలితో తడిమితే రేకులాగా చల్లగా ఉండదు. కొన్నిటికి లోపల ఇత్తడి రింగు వేసి పైన లక్క పోస్తారు, అవి కొంచెం గట్టిగా ఉంటాయి, రోజూ వేసుకునేవాళ్లకి అవే నయం. రాళ్లని గోటితో ఒకసారి కదిపి చూడండి. షాపు వాళ్లు ఏమీ అనుకోరు, ఒకవేళ అనుకున్నా పర్వాలేదు.

సైజు దగ్గర జాగ్రత్త. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటారు కదా, అది దశాంశం లెక్క కాదు. అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే రెండంగుళాల మీద అందులో నాలుగు భాగాలు, ఆరు భాగాలు, అట్లా. అందుకే రెండు పది అనేది రెండు ఎనిమిది కంటే పెద్దది. మా మేనకోడలు అమెరికా నుంచి వాళ్ల ఫ్రెండ్స్ సైజులన్నీ ఫోన్‌లో రాసుకుని వచ్చింది, అందులో 2.10 అని ఉన్నదాన్ని 2.1 అనుకుని పసిపిల్లల చేతికి సరిపోయేవి వెతికింది గంటసేపు. లక్క గాజు సాగదు, మట్టి గాజులాగా సబ్బు రాసి ఎక్కిస్తే పగులుద్ది, కాబట్టి ఎవరికోసం కొంటున్నారో వాళ్ల పాత గాజు ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్లండి, అదే అన్నిటికంటే తేలిక. చీర ముక్క తీసుకెళ్తే ఆ రంగుకి మ్యాచింగ్ సెట్ చేసి ఇస్తారు, కొన్ని షాపుల్లో ఆర్డర్ మీద కూడా చేయిస్తారు, రెండు మూడు రోజులు టైమ్ ఉంటేనే ఆ ఆలోచన చేయండి.

బేరం సంగతి. పెద్ద షాపుల్లో చెప్పిన రేటు మీద కొంచెమే తగ్గుద్ది, గల్లీ మొదట్లో, చార్మినార్‌కి ఆనుకుని ఉన్న షాపుల్లో మాత్రం టూరిస్ట్ మొహం చూసి చెప్తారు రేటు. పోయిన ఏడాది మా వదిన తొమ్మిది వందలు అన్న సెట్టుని నాలుగు వందలకి తెచ్చింది, అదే సెట్టు ఇరవై షాపుల అవతల అడిగితే నాలుగు వందల యాభైతోనే మొదలుపెట్టాడు, అంటే ఆవిడ చేసిన ఘనకార్యం యాభై రూపాయలే. నేను చెప్పేది ఒకటే, మొదటి పది షాపుల్లో ఏమీ కొనొద్దు, ఊరికే రేట్లు అడుగుతా లోపలికి నడవండి, తిరిగొచ్చేటప్పుడు కొనండి. పొద్దున్నే వెళ్తే బోణీ బేరం పడుద్ది అంటారు గానీ అక్కడ పొద్దున్నే అంటే పదకొండు, ఎనిమిదింటికి వెళ్తే షట్టర్లు చూసి రావాలి. తెలుగులోనే మాట్లాడండి, చాలామందికి తెలుగొచ్చు. "ఆఖరి రేటు చెప్పు భాయ్" అని నవ్వుతా అడిగితే తగ్గినంత, గొడవ పెట్టుకుంటే తగ్గదు.

ఒక్క మాట మర్చిపోయా. లక్క గాజులకి ఎండ పడదు. మే నెలలో మా ఆడపడుచు కొన్న రెండు డబ్బాల గాజులు కారు డాష్‌బోర్డు మీద పెట్టి పెళ్లికి వెళ్లి భోజనాలయ్యాక వచ్చి చూస్తే లక్క మెత్తబడి గాజులన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాళ్లు పక్కకి జారిపోయినయ్. కరిగించి చేసిన వస్తువు మళ్లీ కరగదా మరి.

లాడ్ బజార్లో గాజులు కాకుండా ఇంకేం కొనొచ్చు అంటే జరీ లేసులు, మగ్గం వర్క్ బార్డర్లు, హైదరాబాదీ పెళ్లికూతుళ్లు వేసుకునే ఖడా దుపట్టాలు, మెహందీ. నా మటుకు నేను లేసులు తప్పకుండా తెచ్చుకుంటా, బ్లౌజులకి పనికొస్తాయి. చెప్పులు, హ్యాండ్‌బ్యాగులు, సన్‌గ్లాసెస్ మాత్రం రోడ్డు మీద చవగ్గా కనిపిస్తాయి, చవగ్గానే తెగిపోతాయి.

ముత్యాల దగ్గరికి వద్దాం, ఎక్కువ డబ్బులు పోయేది ఇక్కడే. హైదరాబాద్‌లో సముద్రం లేదు, ముత్యాలు ఎట్లా వచ్చినయ్ అని పిల్లలు అడుగుతుంటారు. నవాబుల కాలంలో గల్ఫ్ నుంచి, బస్రా ముత్యాలు అనేవాళ్లు, అవి ఇక్కడికి వచ్చేవి, వాటిని సైజుల వారీగా ఏరడం, రంధ్రం వేయడం, గుచ్చడం, ఆ పనితనం ఇక్కడ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువభాగం చైనా నుంచి వచ్చే మంచినీళ్ల ముత్యాలు, పెంచినవి. అది మోసం కాదు, అవీ నిజం ముత్యాలే, ఆల్చిప్పలో పెరిగినవే. "బస్రా" అని చెప్పి వాటిని అమ్మితే అప్పుడు మోసం. ఎవరైనా మీకు రెండు మూడు వేలకి అసలైన బస్రా దండ ఇస్తానంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

మూడు చోట్ల దొరుకుతాయి. పత్తర్‌గట్టిలో పాత షాపులు, బషీర్‌బాగ్, ఆబిడ్స్ వైపు పెద్ద షోరూములు, చార్మినార్ చుట్టూ ఫుట్‌పాత్, తోపుడుబండ్లు. ఫుట్‌పాత్ మీదవి గాజు పూసలో ప్లాస్టిక్కో అని తెలిసి కొనుక్కుంటే తప్పులేదు, పిల్లల డ్రామాలకి, డాన్సులకి అవే బెస్ట్. పత్తర్‌గట్టికీ షోరూములకీ మధ్య అయితే, బహుమతిగా ఒకటో రెండో చిన్న దండలు, చెవులకి స్టడ్స్ కావాలంటే షోరూమ్‌కి వెళ్లండి, బిల్లు ఇస్తారు, ఏసీలో కూర్చోబెట్టి చూపిస్తారు, రేటు ఫిక్స్‌డ్, డిస్కౌంట్ బోర్డు ఎప్పుడూ వేలాడుతుంటది కాబట్టి దాన్ని పట్టించుకోకండి. ముత్యాలు విడిగా ఏరుకుని మీకు నచ్చినట్టు గుచ్చించుకోవాలి, రెండు వరసలో మూడు వరసలో, మధ్యలో పగడాలో కెంపులో, పాతకాలం ఏడు వరసల సత్‌లడా లాంటిదో కావాలంటే పత్తర్‌గట్టికే వెళ్లాలి. అక్కడ మీ ఎదురుగా తెల్లగుడ్డ మీద ముత్యాలు పోసి ఏరనిస్తారు, కూర్చోబెట్టి గుచ్చి ఇస్తారు. నాకు ఆ అరగంట భలే ఇష్టం. దారంలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమని అడగండి, అప్పుడు దండ తెగినా ఒకటే ఊడుద్ది గానీ ఇల్లంతా దొర్లవు.

పరీక్ష ఏంటంటే రెండు ముత్యాలు ఒకదానితో ఒకటి సుతారంగా రుద్దినా, ముందుపన్ను అంచుకి రుద్దినా సన్న ఇసుకలా గరగరమనాలి, నున్నగా జారిపోతే అది గాజో ప్లాస్టిక్కో. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే గుండ్రం, ఒకే తెలుపు ఉండి రేటు తక్కువ చెప్తే అనుమానించండి. రంధ్రం దగ్గర చూడండి, పైపూత పొరలాగా లేచి ఉంటే వద్దు. చేతిలోకి తీసుకున్న వెంటనే చల్లగా తగలాలి. నిప్పు మీద పెట్టి చూపిస్తాం అంటారు కొందరు, అట్లాంటి సర్కస్‌ల వల్ల తేలేదేం లేదు. మా పిన్ని ఇవన్నీ తెలిసిన మనిషే, అయినా ఒక షాపులో ఆయన తీయతీయగా మాట్లాడుతా బిల్లు లేకపోతే ఇంత తగ్గిస్తా అంటే ఒప్పేసుకుంది. ఇంటికొచ్చాక ఒక వరస నిజంవి, లోపలి రెండు వరసలు ఉత్తుత్తివి అని తేలింది. మళ్లీ వెళ్తే ఆయన అసలు మిమ్మల్ని చూడలేదే అన్నాడు, చేతిలో కాగితం లేదు, ఏం చేస్తాం. బిల్లు మీద ముత్యాలు అని రాస్తే చాలదు, ఏ రకం, ఎన్ని గ్రాములు అని కూడా రాయించుకోండి.

బంగారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గుల్జార్ హౌజ్ చుట్టూ వెండి బంగారం షాపులు ఉన్నాయి, వెండి పట్టీలు, కుంకుమ భరిణెలు, పాతరకం నగల డిజైన్లు బాగుంటాయి. బంగారం మాత్రం ఎక్కడ కొన్నా హాల్‌మార్క్ పక్కన హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు అంకెలు కలిపి ఆరు ఉండే ఆ నగ గుర్తింపు నంబర్, ఉందో లేదో చూడండి, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే వివరాలు వచ్చేస్తాయి. ఊరు చూడ్డానికి వచ్చిన రోజు హడావుడిగా బంగారం కొనడం నాకైతే ఇష్టం ఉండదు, మీ ఇష్టం.

చీరల దగ్గర ఆడవాళ్ల మధ్య యుద్ధాలే జరుగుతాయి, కాబట్టి మొదట ఒక్క ప్రశ్న వేసుకోండి. చీర పెట్టడానికా, కట్టుకోవడానికా? పెట్టుడు చీరలు, అంటే పెళ్లికో గృహప్రవేశానికో ముప్పై నలభై కావాలంటే మదీనా, దాని వెనకాల ఘాన్సీ బజార్. అక్కడ హోల్‌సేల్, కట్టల్లెక్కన ఇస్తారు, ఒక డిజైన్‌లో నాలుగైదు రంగులు కలిపి తీసుకోవాలి, ఒక్కటి ఇమ్మంటే చాలా షాపుల్లో మొహం తిప్పుకుంటారు, ఇచ్చేవాళ్లున్నా రేటు రిటైల్‌దే వేస్తారు. ట్రయల్ రూమ్‌లు, మార్చుకోవడాలు ఉండవు, దుకాణంలో చెప్పులు విప్పి పరుపు మీద కూర్చోవాలి, టీ వస్తది. నలభై చీరలకి ఊళ్లో కంటే బాగా మిగులుద్ది, రెండు చీరలకైతే ఆటో ఖర్చు కూడా మిగలదు.

కట్టుకోవడానికి రోజువారీవి, డ్రెస్ మెటీరియల్స్, బ్లౌజ్ పీసులు, ఫాల్స్, లంగాలు, వన్‌గ్రామ్ గోల్డ్, ఇట్లాంటి చిల్లర మల్లర సరుకు అంతా కావాలంటే సుల్తాన్‌బజార్, కోఠి. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ కింద ఉండి రెసిడెన్సీ బజార్ అనిపించుకున్నది, 1933లో మళ్లీ నిజాం చేతికి వచ్చాక సుల్తాన్‌బజార్ అయింది. 2020 నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది కాబట్టి వెళ్లడం తేలిక. అక్కడి మ్యాచింగ్ సెంటర్లలో ఏ రంగు చీర ముక్క చూపించినా సరిగ్గా ఆ రంగే తీస్తారు, లైట్ కింద కాదు, బయట ఎండలోకి తీసుకొచ్చి చూసుకోండి. సికింద్రాబాద్‌లో దిగేవాళ్లయితే కోఠి దాకా రావడం దండగ, మహంకాళి గుడి దగ్గర జనరల్ బజార్‌లో దాదాపు ఇవే దొరుకుతాయి, గల్లీలు ఇరుకు, జనం కొంచెం తక్కువ. రెండిట్లో ఏది చవక అంటే నాకు తేడా కనపళ్లేదు. కోఠిలో రకాలు ఎక్కువ, అంతే.

చేనేత కావాలి అనుకుంటే ఈ బజార్లన్నీ పక్కన పెట్టేయండి. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు చార్మినార్ దగ్గర కూడా "హ్యాండ్లూమ్ మేడమ్" అని చూపిస్తారు, వాటిలో చాలా మిషన్ మీద నేసినవో, ఇకత్ డిజైన్ ప్రింట్ కొట్టినవో. చీర తిరగేసి చూడండి. నిజం ఇకత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండువైపులా రంగు ఒకేలా ఉంటది, డిజైన్ అంచులు కొంచెం అదిరినట్టు, మసకగా ఉంటాయి. ప్రింట్‌లో అంచు కత్తిరించినట్టు ఉండి వెనక వెలిసినట్టు ఉంటది. చీర పొడవునా అంచు పక్కన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు ఉంటే అది మగ్గం మీద బట్టని సాగదీసి పట్టుకునే పుల్ల వల్ల వచ్చినవి, వాటిని చూసి డ్యామేజ్ అనుకుని పక్కన పెట్టేసేవాళ్లని చూశా నేను. సర్కారీ చేనేత షోరూములు, చేనేత సంఘాల షాపులకి వెళ్తే వెరైటీ తక్కువైనా సరుకు మీద నమ్మకం ఉంటది, పండగలప్పుడు రిబేటు కూడా ఇస్తారు.

ఒక పూట ఎక్కువ ఉంటే పోచంపల్లికే పోవచ్చు, హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావే భూదానం మొదలైంది ఆ ఊళ్లోనే, అందుకే భూదాన్ పోచంపల్లి అంటారు. మగ్గాలు చూసి, అడిగి, ఆ ఇంట్లోనో సంఘం షాపులోనో కొనొచ్చు. రేటు మరీ సగానికేం రాదు, అది ఆశించి వెళ్లకండి. నాలుగు రోజులో ఐదు రోజులో కూర్చుని నేసిన మనిషి ఎదురుగా ఉంటే బేరం ఆడబుద్ధి కూడా కాదు. మా వదిన కూడా ఆడలేదు, అది రికార్డు.

బేగంబజార్ గురించి అందరూ అడుగుతారు. స్టీలు, ఇత్తడి, రాగి సామాను, పూజ సామాను, ప్లాస్టిక్, రిటర్న్ గిఫ్టులు, డ్రైఫ్రూట్లు, మసాలా దినుసులు, బొమ్మలు, ఏది కావాలన్నా ఉంది, హోల్‌సేల్ రేటు. ఒక్క రోజు కోసం వచ్చినవాళ్లని నేను మాత్రం తీసుకెళ్లను. బండి పెట్టే చోటు లేదు, హమాలీలు, ట్రాలీలు, బైకులు అన్నీ ఒకే గల్లీలో, ఏ వస్తువు ఏ గల్లీలో ఉందో తెలుసుకునేసరికే రెండు గంటలు. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు. గృహప్రవేశానికి వంద రాగి చెంబులు కావాలి అన్నప్పుడు మాత్రం దానికి సాటి లేదు, పొద్దున పదకొండుకి దిగి, పట్టీ రాసుకుని, రెండు మూడు షాపుల్లో కేజీ రేటు అడిగి తీసుకోవాలి. ఇత్తడి, రాగి కేజీల్లెక్కన అమ్ముతారు కాబట్టి మీ ముందే తూకం వేయించండి, పిడులూ మూతలూ వేరే లోహమైతే ఆ బరువు సంగతి ముందే మాట్లాడుకోండి. డ్రైఫ్రూట్లు పావుకేజీ అరకేజీ కూడా ఇచ్చే షాపులున్నాయి, రుచి చూసి తీసుకోండి, ఖర్జూరాలు రంజాన్ ముందు బాగుంటాయి.

పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులు, చంకలో పిల్లాడు, ఇట్లా ఉంటే పాతబస్తీ సాయంత్రం గుంపులో తిప్పకండి. వాళ్లకి మాదాపూర్ శిల్పారామం. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే చెట్లు, కూర్చునే చోట్లు, పిల్లలకి ఆడుకునే స్థలం, చేతిపని స్టాళ్లు వరసగా ఉంటాయి. అక్కడ ఉన్నదంతా తెలంగాణ సరుకు కాదు, రాజస్థాన్ బట్టలు, బెంగాల్ బ్యాగులు కూడా ఉంటాయి, బేరం ఆడొచ్చు. మన చేతిపని అంటే నిర్మల్ బొమ్మలు, చేర్యాల బొమ్మలు, కరీంనగర్ వెండి తీగ పని, పెంబర్తి ఇత్తడి, ఇవి బహుమతులకి కావాలంటే ప్రభుత్వం నడిపే గోల్కొండ ఎంపోరియంకి వెళ్లడం నయం, రేటు రాసి ఉంటది. బిద్రీ కూడా అక్కడ చూడండి, నల్లటి లోహం మీద వెండి పొదిగినది, అసలు ఊరు కర్ణాటకలోని బీదర్, ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. ఆ నలుపు రంగు బీదర్ కోట మట్టితో వస్తది, పెయింట్ కాదు, అందుకే బ్రష్‌తోనో పౌడర్‌తోనో తోమకూడదు, కొబ్బరినూనె చుక్క వేసి గుడ్డతో తుడిస్తే చాలు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా వచ్చేవాళ్లకి ఇవేమీ అక్కర్లేదు, నాంపల్లిలో నుమాయిష్ ఉంటది, 1938 నుంచి జరుగుతున్న ఎగ్జిబిషన్, కాశ్మీర్ శాలువాల నుంచి మిర్చీ బజ్జీ దాకా ఒకే మైదానంలో.

అత్తర్ అంటే ఇష్టమైతే చార్మినార్, పత్తర్‌గట్టి వైపే కొనండి. మూత వాసన చూసి కొనొద్దు, మణికట్టు మీద చుక్క పెట్టించుకుని ఇంకో రెండు షాపులు తిరిగి అరగంట తర్వాత వాసన చూడండి, అప్పుడు కూడా నచ్చితే వెనక్కి వెళ్లండి. ఖస్ అంటే వట్టివేరుది, మిట్టీ అంటే తడిమట్టి వాసనది, ఈ అత్తర్లు ఎండాకాలానికి బాగుంటాయి, మా ఆయనకి తెచ్చిన ఔద్ మాత్రం మూడు ఉతుకులైనా చొక్కాని వదల్లేదు.

తినేవి కూడా షాపింగే కదా. ఉస్మానియా బిస్కెట్లు చార్మినార్ పక్కనే ఇరానీ హోటళ్లలో వేడివేడిగా దొరుకుతాయి, అవి అక్కడే చాయ్‌లో ముంచుకుని తినడానికి. ఊరికి పట్టుకెళ్లడానికి డబ్బాల్లో ప్యాక్ చేసినవి మేలు, నలగవు. మొజంజాహీ మార్కెట్ దగ్గర, అదే 1935లో కట్టిన రాతి మార్కెట్, దాని దగ్గర కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు తీసుకుని, లోపల చేత్తో చేసే ఐస్‌క్రీమ్ తినొచ్చు. అటే జౌజీ హల్వా కూడా దొరుకుద్ది, నెయ్యి, జాజికాయ వాసన, కొంచెం కొనండి చాలు, గుప్పెడు తింటే ఇంక అన్నం ఎక్కదు.

ఇక టైమ్ లెక్క. సగం రోజే ఉంటే లాడ్ బజార్, పత్తర్‌గట్టి, ఇంకేం వద్దు. ఒక రోజు ఉంటే పొద్దున సుల్తాన్‌బజార్, మధ్యాహ్నం అటే ఏదన్నా తినేసి, మూడింటికి ఎంజీబీఎస్ మీదుగా పాతబస్తీ. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటది, ఆ టైమ్‌లో రోడ్లు నిండిపోతాయి, కొన్ని షాపులు మూస్తారు, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా శుక్రవారం సెలవు, మ్యూజియం కూడా కలుపుకుందాం అనుకునేవాళ్లు గుర్తుంచుకోండి. ఆదివారం వచ్చేవాళ్లు ఆబిడ్స్ పోండి, షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు పరుస్తారు. రంజాన్ నెలలో రాత్రి పది దాటాక చార్మినార్ చూడాలి, తెల్లారుజాము దాకా అమ్మకాలే, రేట్లూ తగ్గుతాయి, జనం మాత్రం తోసుకుంటా ఉంటారు, పిల్లల చెయ్యి వదలొద్దు, పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

అమెరికా వాళ్లకి ఒక్కటే. గాజుల్ని అట్ట డబ్బాతో సహా పాత చున్నీల్లో చుట్టి చేతి సామానులో పెట్టండి, చెకిన్‌లో వేస్తే సగం రాళ్లు సూట్‌కేస్ అడుగున ఏరుకోవాలి. అత్తర్ మాత్రం చెకిన్‌లోనే, మూతకి టేప్ వేసి, రెండు కవర్లలో. మా మేనకోడలు ఒక్క కవరే వేసింది, డల్లాస్‌లో సూట్‌కేస్ తెరిస్తే పప్పుచెక్కలు, కారప్పొడి, పట్టుచీర అన్నీ ఒకటే గులాబీ వాసన. కారప్పొడి పారేయలేక అట్లాగే తిన్నారంట నెల రోజులు.